అరకు లైన్‌లో గూడ్స్ చూడాలంటే ఎక్కే బండి కాదు, దిగే బండి చూడండి

డిసెంబర్ ఆఖర్లో మూడు రోజులు సెలవు దొరికింది, అరకు లైన్‌లో టూరిస్టు స్పాట్లు వద్దు, గూడ్స్ బండ్లే చూడాలి, ఎక్కడ దిగాలి, పొగమంచులో అసలు ఏమైనా కనిపిస్తాయా అని అడిగారు కదా. కనిపిస్తాయండి. కాకపోతే ముందు వినపడతాయి, ఆ తర్వాత కనపడతాయి, నాకు చలికాలమే ఇష్టం కావడానికి కారణం అదే.

మాది ఎస్.కోట. స్టేషన్ బోర్డు మీద శృంగవరపుకోట అని ఉంటుంది గానీ ఊళ్ళో ఎవ్వరం అలా అనం. మా మావయ్య అరకు ఘాట్‌లోనే కీమ్యాన్‌గా, అంటే రోజూ లైను పొడుగునా నడిచి పట్టాలు చూసుకునే మనిషిగా, చేసి రిటైర్ అయ్యాడు, చిన్నప్పుడు సంక్రాంతి సెలవులకి ఆయన క్వార్టర్‌కి వెళ్ళిపోయేవాణ్ణి, పొద్దున్నే దుప్పటి కప్పుకుని గుమ్మంలో కూర్చుని బండ్లు లెక్కపెట్టడమే నా పని. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నా, అయినా ఏటా ఆ రోజుల్లో ఒక్కసారైనా వెళ్ళి కూర్చుంటా.

ముందు ఒక విషయం తెలిస్తే మిగతాది మీకే అర్థమైపోతుంది. ఈ కేకే లైన్, అంటే కొత్తవలస-కిరండూల్ లైన్, పుట్టిందే గూడ్స్ కోసం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా కొండల్లో ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి జపాన్‌కి పంపడానికి 1960లలో జపాన్ సాయంతోనే వేశారు. 58 సొరంగాలు. శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకి వెళ్తుంది, బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్ అని చాలా ఏళ్ళు దానికే పేరు, తర్వాత కాశ్మీర్ లైన్ వచ్చి ఆ పేరు పట్టుకుపోయింది. మనం ఎక్కే పాసెంజర్ ఈ లైన్‌కి చుట్టం లాంటిది, ఇంటి మనిషి మాత్రం గూడ్సే.

నేను కూడా మొదట్లో అందరిలాగే పైకి ఎక్కే బండి కోసమే ఎదురుచూసేవాణ్ణి, ఇంజన్లు గట్టిగా అరుస్తూ వస్తాయి కదా, బాగుంటుంది అని. ఒకరోజు మావయ్య టీ తాగుతూ "ఎక్కేదాన్ని చూస్తావేటిరా, అది ఖాళీ బండి. నిండు బండి దిగడం చూడు" అన్నాడు. అప్పటిదాకా నా బుర్రకి తట్టనే లేదు, పైకి పోయేవి ఎక్కువగా ఖాళీ వ్యాగన్లే, ఖనిజం కిందికే వస్తుంది కదా. అక్కడ గ్రేడియంట్ 1 ఇన్ 60, అంటే 60 మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు దిగుతుంది, వినడానికి చిన్నగా ఉంటుంది. 58 వ్యాగన్ల లోడు బండి సుమారు 5 వేల టన్నులు తూగుతుంది అనుకుంటే 80 టన్నుల పైచిలుకు బలం దాన్ని కిందికి నెడుతూనే ఉంటుంది, ఒక్క క్షణం కూడా మానదు. అక్కడ ఇంజన్ చేసేది లాగడం కాదు, ఆపుకుంటూ రావడం.

పైగా ఎయిర్ బ్రేకు మాటిమాటికీ వేసి వదిలితే వ్యాగన్ల కింద ట్యాంకుల్లో గాలి మళ్ళీ నిండే టైమ్ ఉండదు, అలా గాలి తగ్గిపోతే తర్వాత కావాల్సినప్పుడు బ్రేకు పట్టదు, ఘాట్‌లో అన్నిటికంటే భయం అదే. అందుకే లోకో పైలట్, అంటే డ్రైవర్, వీలైనంతవరకు ఇంజన్ మోటార్లతోనే పట్టి ఉంచుతాడు. ఇప్పుడొస్తున్న వ్యాగ్-9 అనే గూడ్స్ కరెంటు ఇంజన్లలో రీజెనరేటివ్ బ్రేకింగ్ ఉంది, దిగేటప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటుని పైనున్న వైరులోకి తిరిగి పంపుతాయి. దిగే బండి కరెంటు ఇస్తుంది, ఎదురుగా ఎక్కే బండి అదే కరెంటు వాడుకోవచ్చు. నాకు ఈ లైన్‌లో అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే, ఎన్నిసార్లు తల్చుకున్నా కొత్తగానే ఉంటుంది.

ఇక ఎక్కడ అంటే, బొర్రాగుహలులో దిగండి. పాసెంజర్ దిగ్గానే జనం అంతా గుహల వైపు పోతారు, పది నిమిషాల్లో ప్లాట్‌ఫారం ఖాళీ అయిపోతుంది, మీరు మాత్రం టికెట్ జేబులో పెట్టుకుని అక్కడే ఒక మూల బెంచీ చూసుకుని కూర్చోండి. రోడ్డు మీద వచ్చేట్టయితే టైడా కూడా మంచిదే, స్టేషన్ రోడ్డుకి దగ్గర. చిమిడిపల్లి నాకు బాగా ఇష్టం, చుట్టూ అడవి, మనిషి అలికిడి ఉండదు, కాకపోతే ఏ బండి అక్కడ ఆగుతుందో టైమ్‌టేబుల్ చూసుకుని వెళ్ళండి.

పోయినేడాది జనవరిలో ఒక పొద్దున చూసింది చెప్తా. ఏడున్నర అవుతోంది, మంచు ఎంత దట్టంగా ఉందంటే ప్లాట్‌ఫారం చివర స్తంభం కూడా కనపడట్లేదు, సిగ్నల్ ఎర్రగా ఒక మరక లాగా ఉంది అంతే. కొండ పైనుంచి సన్నగా కీచుమని మొదలైంది, వంపుల్లో చక్రం అంచు పట్టాకి రాసుకునే చప్పుడు అది, ఆగుతుంది, మళ్ళీ ఇంకో చోట వినపడుతుంది, సొరంగంలోకి వెళ్ళినప్పుడల్లా మాయమవుతుంది, బయటికి రాగానే ఇంకాస్త దగ్గర్లో వినపడుతుంది. దాదాపు పది నిమిషాలు ఇలా వింటూనే ఉన్నా. తర్వాత మంచులో ఒక తెల్లటి వెలుగు, దాని వెనకాల ఇంజన్లు, మనిషి నడక కంటే కాస్త ఎక్కువ స్పీడు అంతే. ఇంజన్లు దాటాక వ్యాగన్ల కింద చూడండి, చక్రాలకి ఒత్తుకునే బ్రేకు దిమ్మల వేడికి చక్రాల దగ్గర మంచు ఆవిరిలాగా లేస్తూ ఉంటుంది, కాలిన వాసన వస్తుంది, గాలి లేని చలి కదా, బండి పోయిన తర్వాత కూడా ఆ వాసన చాలాసేపు అక్కడే ఉండిపోతుంది.

ఇంకోటి, ప్లాట్‌ఫారం పక్కన ఎత్తైన చోటు దొరికితే వ్యాగన్ లోపలికి చూడండి. నిండుగా ఉండదు. ఖనిజం బరువు ఎక్కువ కాబట్టి సగానికి అటూ ఇటూ పోస్తేనే లోడు సరిపోతుంది, ఎర్రటి గుట్టలు గుట్టలుగా అడుగున కనిపిస్తుంది, దాని మీద మంచు చుక్కలు పడి ఇంకా ఎర్రగా అవుతుంది. లైన్ పక్క కంకర, ఆకులు కూడా అదే రంగు.

చలికాలం గురించి మీకు తెలియాల్సింది ఇంకొకటి ఉంది. చలికి పట్టా కుంచించుకుంటుంది, ఆ లాగుడికి వెల్డింగ్ దగ్గర పగుళ్ళు వచ్చే ప్రమాదం ఉంది, అందుకని చలి రాత్రుళ్ళు మనుషులు లైను పొడుగునా నడుస్తూ చూసుకుంటారు. మావయ్య తలకి మఫ్లర్ చుట్టుకుని, చేతిలో మూడు రంగుల టార్చి, సంచిలో డిటోనేటర్లు, అంటే పట్టా మీద పెట్టే చిన్న పేలుడు బిళ్ళలు, పెట్టుకుని వెళ్ళేవాడు. పట్టా విరిగినట్టు కనిపిస్తే బండి వచ్చే వైపు 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 మీటర్ల దగ్గర పది పది మీటర్ల దూరంలో మూడు పెట్టాలి, ఇంజన్ చక్రం కింద అవి పేలితే డ్రైవర్ ఆపుతాడు. మంచులో ఎర్ర లైటు కనపడకపోయినా ఆ చప్పుడు వినపడుతుంది. తెల్లారి ఇంటికొచ్చేసరికి ఆయన మీసాల మీద నీటి చుక్కలు ఉండేవి, అత్తయ్య వేడి నీళ్ళు పెట్టి ఉంచేది, ఏమీ మాట్లాడకుండా ముందు చేతులు వాటిలో ముంచేవాడు. మీరు చూసే ప్రతి బండి ముందర ఇలాంటి మనిషి ఎవరో ఒకరు నడిచి ఉంటారు, దయచేసి వాళ్ళు కనిపిస్తే ఒక నమస్కారం పెట్టండి.

దయచేసి ఫోటోల కోసం సొరంగాల్లోకి, వంతెనల మీదకి వెళ్ళకండి. రైల్వే చట్టం సెక్షన్ 147 కింద కేసు అవుతుంది, అది పక్కన పెట్టినా దిగే బండి మిమ్మల్ని చూసి ఆగలేదు, పైన చెప్పిన లెక్క గుర్తుపెట్టుకోండి.

తెచ్చుకోవాల్సినవి, రెండు స్వెటర్లు, చెవులు మూసే టోపీ, ఫ్లాస్కు. చలిలో తిరిగిన కెమెరాని ఒక్కసారిగా వెచ్చటి గదిలోకి తెస్తే లెన్సుకి ఆవిరి పడుతుంది, బయటే సంచిలో పెట్టి మూసి, లోపలికి తెచ్చాక కాసేపు అలాగే ఉంచండి. తిరుగు ప్రయాణానికి మాత్రం టైమ్ గట్టిగా పెట్టుకోవద్దు, రెండో లైన్ పని ఇంకా నడుస్తోంది, సింగిల్ లైన్ ఉన్న చోట మీ పాసెంజర్‌ని లూప్‌లో, అంటే స్టేషన్ పక్క లైన్‌లో, పెట్టి లోడు బండిని ముందు వదులుతారు. మావాళ్ళు విసుక్కుంటారు గానీ మీరు అప్పుడు తలుపు దగ్గరికి వచ్చి నిలబడండి, ఆ దగ్గరితనం ప్లాట్‌ఫారం మీద కూడా దొరకదు.