సిబిల్ బాగోలేదని ఉద్యోగం ఆపేస్తారా?

ప్రశ్న: ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాలకు ఉమ్మడి పరీక్ష పెట్టే సంస్థ) ద్వారా ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కుగా ఎంపికయ్యాను. రెండు నెలల్లో చేరాలి. మూడేళ్ల క్రితం ఉద్యోగం పోయినప్పుడు క్రెడిట్ కార్డు బాకీ 46 వేలు కట్టలేక, చివరికి 25 వేలకు సెటిల్ చేసుకున్నాను. ఇప్పుడు సిబిల్ (అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ) రిపోర్టు తీస్తే 'సెటిల్డ్' అని ఉంది. నేనెప్పుడూ తీసుకోని లోన్ యాప్ అప్పు ఒకటి కూడా నా పేరు మీద కనిపిస్తోంది. స్కోరు 612. ఈలోగా ఒక ప్రైవేటు కంపెనీ కూడా ఆఫర్ ఇచ్చి, నా సిబిల్ చూసుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమంటోంది. ఉద్యోగానికీ అప్పులకూ సంబంధం ఏమిటి? చట్టం దీన్ని ఒప్పుకుంటుందా?
— పేరు రాయవద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు బ్యాంకు ఉద్యోగం సంగతి చూద్దాం. మీకు టైమ్ తక్కువగా ఉన్నది అక్కడే.

అభ్యర్థి అప్పుల చరిత్ర చూడకూడదని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. బ్యాంకుల విషయంలో కోర్టులు కూడా దాన్ని తప్పు పట్టడం లేదు. స్టేట్ బ్యాంకు 2020 నాటి ఒక ఆఫీసర్ల నోటిఫికేషన్లో, అప్పులు ఎగవేసిన రికార్డు గానీ సిబిల్ ప్రతికూల నివేదిక గానీ ఉన్నవారు నియామకానికి అనర్హులని షరతు పెట్టింది. దాని కింద నియామకం రద్దయిన అభ్యర్థి ఒకరు, అప్పులన్నీ తీర్చేశాను కదా అని మద్రాస్ హైకోర్టుకు వెళ్లారు. 2025 జూన్‌లో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. ప్రజల డబ్బు ముట్టుకునే చోట ఆర్థిక క్రమశిక్షణ చూడటం సబబేననీ, చివరికి అప్పు తీర్చారా లేదా అన్నదొక్కటే చాలదనీ చెప్పింది. మన తెలుగు రాష్ట్రాల హైకోర్టులు ఆ తీర్పుకు కట్టుబడాలని లేదు. కానీ వివాదం వస్తే బ్యాంకు లాయరు ముందుగా చూపించేది దాన్నే.

అయితే మీ కేసు వేరు. మీరు సెలక్టయింది ఐబీపీఎస్ నోటిఫికేషన్ మీద. ఇటీవలి ఐబీపీఎస్ నోటిఫికేషన్లు అడిగేది, ఉద్యోగంలో 'చేరే నాటికి' క్రెడిట్ చరిత్ర ఆరోగ్యంగా ఉండాలని. సిబిల్‌లో ప్రతికూలంగా కనిపించే ఖాతాలుంటే, చేరే తేదీలోపు రికార్డు సరిచేయించుకోవాలి, లేదా బాకీ ఏమీ లేదని అప్పిచ్చిన సంస్థ నుంచి ఎన్‌ఓసీ తేవాలి. రెండూ చేయకపోతే ఆఫర్ రద్దు చేయవచ్చు. మీకు కావలసిన వెసులుబాటు ఆ నిబంధనలోనే ఉంది. ఒకే మనిషి, అవే అప్పులతో, ఒక నోటిఫికేషన్ కింద అనర్హుడై ఇంకో నోటిఫికేషన్ కింద అర్హుడు కావచ్చు. కాబట్టి మీ నోటిఫికేషన్లో 'క్రెడిట్ హిస్టరీ' అన్న పేరా మాట మాటా చదవండి. మీకు ఆఫర్ ఇచ్చిన బ్యాంకుకు సొంత నియమం ఏదైనా ఉందేమో కూడా రాసి అడగండి. 612 అన్న అంకె గురించి టెన్షన్ వద్దు. కనీస స్కోరు ఉండాలన్న షరతును ఐబీపీఎస్ తీసేసిందని ప్రభుత్వమే 2025లో పార్లమెంటుకు చెప్పింది. మిమ్మల్ని ఇబ్బంది పెట్టేవి రిపోర్టులోని ఆ రెండు ఖాతాలే.

ఇప్పుడు రిపోర్టు తెరవండి. ప్రతి ఖాతా కింద నెలకొక గడి ఉంటుంది. 000 అంటే ఆ నెల గడువులోపు కట్టినట్టు, 030 అంటే 30 రోజులు ఆలస్యమైనట్టు, 090 అంటే 90 రోజులు. మీ కార్డు ఖాతాలో ఆ పాత అంకెలు ఇప్పట్లో పోవు, వాటిని పోగొడతామనే ఏజెంట్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మార్చగలిగేది ఖాతా స్టేటస్. 'సెటిల్డ్' అంటే బ్యాంకు లెక్కలో పూర్తిగా తీరని అప్పు, మీ విషయంలో ఆ తేడా 21 వేలు. ఆ మిగతా సొమ్ము కట్టి ఖాతాను 'క్లోజ్డ్'గా మార్పించుకునే వీలుందేమో కార్డు ఇచ్చిన బ్యాంకును ఈ వారమే మెయిల్లో అడగండి. ఫోన్లో మాట్లాడి ఊరుకోవద్దు. కట్టే ముందే, కట్టాక బాకీ లేదనే 'నో డ్యూస్' లెటర్ ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోండి. 21 వేలు మీకు చిన్న మొత్తం కాదని తెలుసు. ఉద్యోగం పోయి అప్పు కట్టలేకపోతే, ఆ అప్పు చూపించి మళ్లీ ఉద్యోగం ఆపడం అన్యాయమనే నేనూ అంటాను. కానీ ఆ వాదన కోర్టులో నెగ్గేదాకా మీ జాయినింగ్ తేదీ ఆగదు.

తీసుకోని లోన్ యాప్ అప్పు విషయంలో మాత్రం చట్టం పూర్తిగా మీ పక్షాన ఉంది. సిబిల్ వెబ్‌సైట్లో ఈరోజే డిస్ప్యూట్ (రిపోర్టులో తప్పుందన్న ఫిర్యాదు) పెట్టండి, అప్పిచ్చినట్టు చూపిస్తున్న సంస్థకూ విడిగా రాయండి. ఆ సంస్థ ఒప్పుకుంటే తప్ప సిబిల్ తనంతట తాను దిద్దదు, అందుకే రెండు చోట్లా అడగాలి. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన, ఇది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అధికారికి) ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చు లేదు. మీ ఆధార్, పాన్ ఎవరో వాడుకున్నారనిపిస్తే సైబర్ క్రైమ్ ఫిర్యాదు కూడా ఇచ్చి ఆ రసీదు దాచుకోండి. సిబిల్ లాంటి మిగతా సంస్థలైన ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ రిపోర్టులూ తీయండి. ఒక్కో సంస్థ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు.

బ్యాంకు వెరిఫికేషన్ ఫారంలో అప్పుల గురించి అడిగితే ఉన్నదున్నట్టు రాయండి. దాచిన విషయం తర్వాత బయటపడితే, అప్పటిదాకా అప్పు గురించి ఉన్న గొడవ నిజాయితీ గురించిన గొడవ అవుతుంది. దాన్ని కోర్టులో నిలబెట్టడం నాలాంటి లాయర్లకు చాలా కష్టం.

ఇక ప్రైవేటు కంపెనీ. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల నియంత్రణ చట్టం ప్రకారం మీ రిపోర్టును బ్యాంకులు, బీమా, టెలికాం కంపెనీల వంటి కొందరే తీసుకోగలరు. ఉద్యోగం ఇస్తున్నామన్న కారణం ఒక్కటే ఎవరినీ ఆ జాబితాలో చేర్చదు. అనధికారంగా చూస్తే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. అందుకే వాళ్లు మీ చేత సంతకం పెట్టించుకుంటున్నారు. సంతకం పెట్టను అనే హక్కు మీకుంది. ఆ కారణంతో ఆఫర్ వెనక్కి తీసుకుంటే మాత్రం ప్రైవేటు కంపెనీ మీద రిట్ (ప్రభుత్వ సంస్థల మీద హైకోర్టులో వేసే పిటిషన్) నిలవదు. డబ్బు చేతిలో పెట్టే ఉద్యోగమైతే అడగడంలో అర్థముంది, డేటా ఎంట్రీ లాంటి ఉద్యోగానికి ఇది ఎందుకో నాకర్థం కాదు. మధ్యేమార్గంగా, రిపోర్టు మీరే తీసి, ఖాతా నంబర్లు కొట్టేసి ఇస్తానని చెప్పండి. కాదంటే ఆ కాగితం మీద 'ఈ ఎంపిక కోసం, ఒక్కసారికి మాత్రమే' అని మీ చేత్తో రాసి, తేదీ వేసి, ఫొటో తీసుకున్నాకే సంతకం చేయండి.

అన్నీ సమర్పించాక కూడా బ్యాంకు ఆఫర్ రద్దు చేస్తే కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు అడగండి. అది ప్రభుత్వ రంగ బ్యాంకు కాబట్టి రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. నోటిఫికేషన్, ఎన్‌ఓసీ, ఆ ఉత్తర్వు మూడూ పట్టుకుని, మీ పోస్టు ఇంకొకరికి ఇవ్వకముందే, వారంలోపు లాయర్ని కలవండి.