ఆ మూలకి ఎన్ని అడుగులు?

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు స్వీడన్‌లోని యేవ్లె నుంచి పంపిన వ్యాసం మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి పద్నాలుగో పేజీ దగ్గర ఆగిపోయి, కాసేపు వరండాలో కూర్చున్నాను. ముందు కోపం సంగతి చెప్పనీ.

నీ వాక్యం బాగుంటుంది, అది నీకూ తెలుసు. చలికాలం మూడింటికే కమ్ముకునే చీకటి, ఊరి మీదకి వచ్చే కాఫీ గింజల వాసన, అన్నీ కళ్ళకు కట్టాయి. కానీ వాటికి మూడు పేజీలు ఇచ్చి, ఆ ఊరి ఐస్ హాకీ క్లబ్బులో ఆడి కెనడా వెళ్ళిన ఇంగె హామర్‌స్ట్రోమ్‌కి ఒక్క పేరా ఇచ్చావు. ఆ పేరాలో అతన్ని "భయస్తుడు" అన్నావు. పైగా వ్యాసానికి "జేబులో ఆరు కోడిగుడ్లు" అని పేరు పెట్టావు.

ఆ కోడిగుడ్ల మాట కెనడాలో అతను ఆడిన జట్టు, టొరంటో మేపుల్ లీఫ్స్ యజమాని హెరాల్డ్ బల్లార్డ్‌ది. హామర్‌స్ట్రోమ్ జేబులో ఆరు గుడ్లు వేసుకుని రింక్ మూలకి, అంటే ఆ మంచు మైదానంలో ఒంటితో గుద్దుకునే చోటికి, వెళ్ళొచ్చినా ఒక్కటీ పగలదని వెక్కిరించాడు. జీతం ఇచ్చే యజమాని తన ఆటగాడి గురించి నలుగురికీ వినబడేలా అన్న మాట అది. ఆ మనిషి వేసిన గోల్స్ ఎవరికీ గుర్తులేవు, ఈ మాట మాత్రం యాభై ఏళ్ళుగా చేతులు మారుతోంది. ఇప్పుడు నువ్వూ దాన్నే తలకెత్తుకున్నావు.

ఒక మనిషికి విశేషణం తగిలించే ముందు అతను నిలబడిన చోటు కొలవాలమ్మా. నలభై ఏళ్ళుగా నేను పట్టుకు వేలాడుతున్న మాట ఇదే. అడుగులు లెక్కపెట్టకుండా ధైర్యం, పిరికితనం అనే మాటలు రాయకూడదు.

కొలుద్దాం. స్వీడన్‌లో రింక్ వెడల్పు 30 మీటర్లు, అంటే సుమారు 98 అడుగులు. అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్‌ లీగ్‌లో 85. బోస్టన్ పాత గార్డెన్‌లో అయితే 83 అడుగులే, పొడవు కూడా 200కి బదులు 191. హామర్‌స్ట్రోమ్ లెఫ్ట్ వింగ్‌లో, అంటే ఎడమ అంచున, ఆడేవాడు, అతని ఆస్తి వేగం. వెడల్పాటి మంచు మీద అలాంటివాడు డిఫెన్స్‌మన్‌కి, అంటే దాడిని అడ్డుకునేవాడికి, బయటి పక్క నుంచి చుట్టు తిరిగి గోల్ వైపు దూసుకుపోతాడు. పదమూడు అడుగులు తగ్గేసరికి ఆ దారే ఉండదు. డిఫెన్స్‌మన్‌కీ, మంచు చుట్టూ గోడలా ఉండే బోర్డుకీ మధ్య మిగిలే సందులో మనిషి దూరాలి, లేదా పక్‌ని, అంటే ఆడే బిళ్ళని, మూలకి కొట్టి దాని వెనకాల పోవాలి. ఆ మూలలో తొంభై కిలోల మనిషి కాచుకుని ఉంటాడు.

కొన్నేళ్ళ క్రితం మా అబ్బాయి దగ్గరికి ఫిలడెల్ఫియా వెళ్ళినప్పుడు అద్దం పక్కనే కూర్చుని ఒక ఆట చూశాను. మనుషులు బోర్డుకి గుద్దుకునే ఆ చప్పుడు టీవీలో తెలియదు. లారీ మీంచి బియ్యం బస్తా కింద పడినట్టు ఉంటుంది. నా మోకాళ్ళకి తగిలింది ఆ అదురు. ఆ చప్పుడు నీ వ్యాసంలో ఎక్కడా లేదు. యేవ్లెలో ఉంటూ ఒక్క ఆటకైనా వెళ్ళావా?

ఉల్ఫ్ స్టెర్నర్ గురించి "నాలుగు ఆటలకే చతికిలబడ్డాడు" అన్నావు. 1965 జనవరి 27న న్యూయార్క్ రేంజర్స్ తరఫున దిగాడు. యూరప్‌లో ఆట నేర్చుకుని ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టిన మొదటివాడు. అతను పెరిగిన ఆటలో అవతలి వాళ్ళ జోన్‌లో ఒంటితో గుద్దడం నిబంధనలకే విరుద్ధం. అంతర్జాతీయ ఆటలో రింక్ అంతటా బాడీచెక్‌ని, అంటే ఆ గుద్దడాన్ని, అనుమతించింది 1969లో. అంటే స్టెర్నర్ వెళ్ళింది వేరే ఆటలోకి. ఇది నీ వ్యాసంలో ఉండి ఉంటే "చతికిలబడ్డాడు" అన్న మాట నీ పెన్నులోంచి వచ్చేదే కాదు.

ఇక 1972-73 సీజన్. టొరంటో స్కౌట్, అంటే కొత్త ఆటగాళ్ళని వెతికేవాడు, జెర్రీ మెక్‌నమారా స్వీడన్ వెళ్ళింది ఒక గోల్‌కీపర్‌ని చూడటానికి. అతను గాయపడి ఆడటం లేదు. అప్పుడు యేవ్లె జట్టు బ్రినేస్ ఆట చూస్తే ఇద్దరు కంటబడ్డారు, బోర్యె సాల్మింగ్, హామర్‌స్ట్రోమ్. 1970 నుంచి వరసగా మూడేళ్ళు స్వీడన్ ఛాంపియన్ అయిన జట్టు అది. అక్కడ సీజన్‌కి ముప్పై ఆటలు కూడా లేని రోజులు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 78. ఊరు ఊరూ తిరగడం, ప్రతి ఊళ్ళో "చికెన్ స్వీడ్స్" అని అరుపులు, అంటే పిరికి స్వీడన్‌వాళ్ళని. అందరికంటే మొరటు జట్టు ఫిలడెల్ఫియా ఫ్లయర్స్. కొట్లాటలతో పేరు మోసి 1974లో, 1975లో ఎన్‌హెచ్‌ఎల్‌ విజేతకిచ్చే స్టాన్లీ కప్ కూడా గెలిచింది.

ఆ నాలుగేళ్ళు హామర్‌స్ట్రోమ్ వేసిన గోల్స్ చూడు: 20, 21, 19, 24. ఏటేటా ఆ మూలకి వెళ్ళకుండా ఇవి రావు. 1977లో సెయింట్ లూయిస్ బ్లూస్‌కి పంపేశారు. 1979లో ఇంటికి, మళ్ళీ బ్రినేస్‌కి వచ్చేశాడు. మొత్తం 427 ఆటలు, 116 గోల్స్. దీన్ని నువ్వు "ఇమడలేక తిరిగొచ్చాడు" అని రాశావు. పరాయి దేశంలో ఆరు సీజన్లు ఆడి ఇంటికొచ్చిన మనిషిని అలా అంటామా? సాల్మింగ్ గొప్పవాడే, హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి స్వీడన్ ఆటగాడు, టొరంటో అతన్ని గుండెల్లో పెట్టుకుంది. కానీ అతను డిఫెన్స్‌మన్. అతని పని వేరు. ఒకరి ధైర్యాన్ని గజంబద్దగా పట్టుకుని ఇంకొకరిని కొలవకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేను చేశాను. 1981లో కృష్ణా జిల్లాలో ఒక చిన్న పత్రికకి ఆటల వార్తలు రాసేవాణ్ణి. ఒక కబడ్డీ టోర్నమెంట్‌లో మంచి పేరున్న రైడర్ ఎంతసేపటికీ కుడి మూలకి వెళ్ళడం లేదు. "భయపడ్డాడు" అని రాశాను. వారం తర్వాత ఆ కుర్రాడు బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. కోప్పడలేదు. "సార్, ఒక్కసారి వస్తారా" అని ఆ మైదానానికే తీసుకెళ్ళాడు. కుడి మూల గీతకి రెండు మూరల దూరంలో షామియానా కోసం పాతిన ఇనప గుంజ ఇంకా అలాగే ఉంది. ముందు రోజు ప్రాక్టీసులో వాళ్ళ జట్టువాడి భుజం విరిగింది దానికి తగిలే. నేను వేదిక మీద కుర్చీలో కూర్చుని, కూల్‌డ్రింక్ తాగుతూ చూశాను ఆట. కోర్టు చుట్టూ ఒక్కసారి నడిచి ఉంటే ఆ గుంజ కనబడేది.

సవరణ రాసి తీసుకెళితే ఎడిటర్ చూడను కూడా చూడలేదు. పోయిన వారం ఆట ఇప్పుడెవరిక్కావాలి అన్నాడు. ఆ కుర్రాడికి కావాలి. వాళ్ళ ఊళ్ళో ఆ పేపర్ టీ కొట్టు గోడకి అంటించి ఉంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఎడిటర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఒక వారపత్రిక వాళ్ళు పదకొండు నెలలు నా వ్యాసం దగ్గర పెట్టుకుని, "ఇందులో మనవాళ్ళెవరూ లేరు కదా" అని తిప్పి పంపారు. ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది, అందరికీ స్ఫూర్తిగాథ కావాలట. కష్టపడ్డాడు, గెలిచాడు, చప్పట్లు. గెలవకుండా బాగా ఆడినవాడికి ఆ అచ్చులో చోటు లేదు. నీ వ్యాసం హామర్‌స్ట్రోమ్ దగ్గర తొందరపడి తర్వాతి తరం స్వీడన్ ఆటగాడు ఫోర్స్‌బర్గ్ కప్పుల దగ్గరికి పరిగెత్తడానికి కారణం అదేనని నా అనుమానం.

ఇప్పుడు పద్నాలుగో పేజీ. అక్కడ నువ్వు ఒక్క వాక్యం రాసి వదిలేశావు. హామర్‌స్ట్రోమ్ తర్వాత స్కౌట్ అయ్యాడని, పనిచేసింది ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌కేనని, 1991లో పీటర్ ఫోర్స్‌బర్గ్‌ని తీసుకోమని పట్టుబట్టిన వాళ్ళలో అతనున్నాడని. తనని పిరికివాడని అరిచిన ఊరు, తన జట్టువాళ్ళని గుద్దిన జట్టు. వాళ్ళ కోసం ఓర్న్‌షోల్డ్స్‌విక్ దాకా పోయి ఒక కుర్రాణ్ణి చూశాడు. కొత్త ఆటగాళ్ళని జట్లు వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆరో స్థానంలో ఆ పేరు చదివినప్పుడు చాలామంది ఇంత ముందా అనుకున్నారు.

ఫోర్స్‌బర్గ్ ఎలా ఆడేవాడో వీడియోల్లో చూసే ఉంటావు. బోర్డు దగ్గర గుద్దడానికి వచ్చినవాణ్ణి, పక్ స్టిక్ మీద ఉండగానే, తుంటితో ఎదురు గుద్ది పడేసేవాడు. మూల అంటే ఏమిటో ఒంటితో తెలిసినవాడే ఆ కుర్రాడిలో దాన్ని ముందుగా చూశాడని నా నమ్మకం. ఫ్లయర్స్ ఏడాది తిరిగేసరికే అతన్ని ఎరిక్ లిండ్రోస్ అనే ఆటగాడి కోసం క్యుబెక్‌కి ఇచ్చేశారు. ఆ క్లబ్బు డెన్వర్‌కి మారిన మొదటి సీజన్‌లోనే, 1996లో, కప్ గెలిచింది. ఇదంతా ఒక పేరాలో చాలు. నీ వ్యాసం ఫోర్స్‌బర్గ్ గురించి కాదు. ఆ కుర్రాణ్ణి చూస్తూ నిలబడిన మనిషి గురించి.

కలం పేరు గురించి, పుస్తకం గురించి ఏవో అడిగావు. ఈ వ్యాసం అయ్యాక చూద్దాం.

వచ్చే శనివారం బ్రినేస్ వాళ్ళ రింక్‌కి వెళ్ళు. టికెట్ ఖర్చవుతుందని ఆగకు. అడ్డంగా ఎన్ని అడుగులుందో అక్కడివాళ్ళని అడుగు. గోల్ వెనక ఎడమ మూలకి దగ్గరగా, అద్దం పక్కన సీటు తీసుకో. అక్కడి నుంచి మొదటి పేజీ మళ్ళీ రాసి పంపు. పద్నాలుగో పేజీలో ఆ వాక్యాన్ని మాత్రం కదపకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు