నెలనెలా ఆకాశంలో ఏం చూడాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఏ నెలలో ఏ చుక్కలు కనిపిస్తాయో చెప్పమని ఏడో తరగతి చదివే మా అబ్బాయి ఒకటే గొడవ. ఫోన్‌లో యాప్ పెట్టిస్తే ఆకాశం మానేసి ఫోన్నే చూస్తున్నాడు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు. టెలిస్కోప్ కొనమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. ముందు గోడ మీది తెలుగు క్యాలెండర్ బాబు చేతికివ్వండి. మన నెలల పేర్లన్నీ చుక్కల పేర్లే. పున్నమినాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడో ఆ నెలకి ఆ పేరు, ఒక నక్షత్రం అటూ ఇటూగా. కృత్తిక దగ్గరుంటే కార్తీకం, మఖ దగ్గరుంటే మాఘం, చిత్త దగ్గరుంటే చైత్రం. కార్తీక పున్నమికి మీరు కాలువలో దీపాలు వదిలి తూర్పుకి తిరిగితే చంద్రుడి దగ్గర్లోనే కృత్తికలు ఉంటాయి, మా నాయనమ్మ పిల్లలకోడి అనేది వాటినే. ఆ వెన్నెల్లో సరిగా ఆనవు కాబట్టి ఒక వారం ఆగి, చంద్రుడు ఆలస్యంగా వచ్చే రోజుల్లో మళ్ళీ చూపించండి, ఆరో ఏడో చుక్కలు ముద్దగా కనిపిస్తాయి. ఏ చుక్కయినా రోజుకి 4 నిమిషాలు ముందుగా వస్తుంది, అంటే నెలకి 2 గంటలు. ఈ ఒక్క లెక్క వస్తే యాప్‌తో పనే లేదు.

డిసెంబర్ 13, 14 రాత్రులు, అంటే నెలగంట పెట్టే ముందు, అర్ధరాత్రి దాటాక డాబా మీద దుప్పటి కప్పుకుని పడుకోండి. జెమినిడ్ ఉల్కలు రాలతాయి. చంద్రుడు లేకపోతే చాలా కనిపిస్తాయి.

ఇక డెల్టా వాళ్ళ అసలు అదృష్టం దక్షిణం వైపు ఉంది. మనం 16.5 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం, దక్షిణాన సముద్రం, ఒడ్డుకి వెళ్తే అడ్డంగా కొండ లేదు, చెట్టు లేదు. ఢిల్లీ వాళ్ళకి నేలబారున కనిపించే అగస్త్య నక్షత్రం మనకి చక్కగా పైకొస్తుంది. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్తారు కదా, రాత్రి తొమ్మిదింటికి లైట్లకి దూరంగా ఇసుకలోకి నడిచి చెయ్యి చాపి పిడికిలి పట్టమనండి. పిడికిలి వెడల్పు 10 డిగ్రీలు. సముద్రానికి రెండు పిడికిళ్ళ పైన తెల్లగా వెలిగేదే అగస్త్యుడు, మనకి కనిపించే నక్షత్రాల్లో సిరియస్ తర్వాత అంత కాంతి దానిదే.

మే నెల మధ్యలో, సుమారు వైశాఖంలో, అదే చోటికి అదే వేళకి మళ్ళీ వెళ్ళండి. త్రిశంకు అని పెద్దలు చెప్పే నాలుగు చుక్కలు, స్కూలు పుస్తకాల్లో దక్షిణ శిలువ, నిలువుగా నిలబడి ఉంటాయి. అడుగు చుక్క ఒక పిడికిలి ఎత్తులో, పై చుక్క ఒకటిన్నర. నేను మొదటిసారి చూసిన రాత్రి ఇంటికి రాబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగితే ఉత్తరాన సప్తర్షులు, తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని అంటుకుని అరుంధతి. పక్కన పారే గోదావరి పాయ కూడా వశిష్ఠే అని బాబుకి చెప్పండి, మర్చిపోడు.

ఆషాఢం, శ్రావణం మబ్బులే. కానీ వాన వెలిసిన రాత్రి గాలి కడిగినట్టుంటుంది, దక్షిణాన ఎర్రటి జ్యేష్ఠ, దాని కింద గాలంలా వంగిన వృశ్చికం తోక చూడకుండా పడుకోకండి. కాలువ గట్టు మీదికి వెళ్తే మాత్రం టార్చి తప్పనిసరి, పాములుంటాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, చీకటికి అలవాటు పడిన కళ్ళు చెదరవు.

ప్రశ్న: సాయంత్రం పొద్దుగుంకాక రైలు పెట్టెల్లా వరుసగా చుక్కలు వెళ్ళాయి. మా ఊళ్ళో అందరికీ టెన్షన్. ఏంటవి? (నరసాపురం)

జవాబు: భయపడకండి, అవి ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు అయ్యుంటాయి. ఒకే రాకెట్‌లో వెళ్ళినవి మొదట్లో దగ్గరదగ్గరగా తిరుగుతాయి. మనకి చీకటి పడినా అంత ఎత్తులో వాటి మీద ఇంకా ఎండ పడుతుంది, అందుకే మెరుస్తాయి. కొన్నాళ్ళకి విడిపోయి వరుస చెదిరిపోతుంది.