కర్టెన్ వెనక నిలబడే బాబు: పాటీ ట్రైనింగ్‌కి వేళ అయిందా?

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ల రెండు నెలలు. జూన్‌లో ప్లేస్కూల్‌లో వేద్దామని అడిగితే డైపర్ లేకుండా పంపాలన్నారు. అందుకని నెల క్రితం పగలు డైపర్ మానిపించాను. అరగంటకోసారి పాటీ కుర్చీ మీద కూర్చోబెడుతున్నాను. కూర్చున్నంతసేపూ ఏమీ రాదు. లేచి రెండడుగులు వేసి సోఫా పక్కన పోసేస్తాడు. దొడ్డికి వెళ్లడం ఇంకా ఘోరం. కర్టెన్ వెనక నిలబడి, కాళ్లు రెండూ దగ్గరికి బిగించి, ముఖం ఎర్రగా చేసుకుంటాడు. ఎంత ముక్కినా రాదు. మూడు నాలుగు రోజులకోసారి గట్టిగా వస్తుంది, ఒకటే ఏడుపు. మా అత్తగారు ‘మా పిల్లలు ఏడాదికే అలవాటు పడ్డారు, ఈ డైపర్ల వల్లే ఈ బద్ధకం’ అంటారు. మా ఆడపడుచు కూతురు వీడికంటే నెల చిన్నది, అప్పుడే అడిగి మరీ వెళ్తుంది. మొన్న చిరాకులో ఒక దెబ్బ వేశాను. అప్పటినుంచి ఆ కుర్చీని చూస్తేనే ఏడుస్తున్నాడు. మావారేమో నవ్వి ఊరుకుంటారు. మొదలుపెట్టడంలో నేను తొందరపడ్డానా, లేక ఆలస్యం చేశానా?
– ఒక సోదరి, మియాపూర్

జవాబు: మీరు వాడు ముక్కుతున్నాడని రాశారు. కాళ్లు బిగించి నిలబడి ముక్కడం కుదరదమ్మా. ఒకసారి మీరే ప్రయత్నించి చూడండి. వాడు రాకుండా ఆపుకుంటున్నాడు. ఇది తేలితే మిగతా లెక్కంతా మారిపోతుంది.

ఎప్పుడో ఒకసారి మలం గట్టిగా వచ్చి నొప్పి పెట్టి ఉంటుంది. రెండేళ్ల పిల్లాడికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. మళ్లీ నొప్పి వస్తుందని ఆపుకుంటాడు. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు అందులోని నీటిని పీల్చేస్తుంది, మలం ఇంకా గట్టిపడుతుంది. నాలుగో రోజున వచ్చేటప్పుడు వాడి భయం నిజమే అవుతుంది. ఇలా సాగితే పేగు చివరి భాగం సాగిపోయి, ‘వెళ్లాలి’ అనే కబురు కూడా మొద్దుబారుతుంది. నిండిపోయిన పేగు పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది కాబట్టి ఉచ్చ కూడా చెప్పాపెట్టకుండా పడిపోతుంటుంది. మీ సోఫా పక్క తడిలో కొంత వాటా దీనిదే కావచ్చు.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు ఇది: ట్రైనింగ్ సంగతి తర్వాత, ముందు మలబద్ధకం తగ్గాలి. అది తగ్గేదాకా పగలు కూడా డైపర్ వేసేయండి. వేసిన కష్టమంతా వృథా అనిపిస్తుంది, కానీ కాదు. నొప్పిగా ఉన్న పిల్లాడిని కుర్చీలో కూర్చోబెట్టడం వల్ల వాడు నేర్చుకునేది ఆ కుర్చీని ద్వేషించడమే. కర్టెన్ వెనకే డైపర్‌లో వెళ్తే వెళ్లనివ్వండి, అసలంటూ వెళ్లడం ముఖ్యం.

పిల్లల డాక్టర్‌కి చూపించండి. మలం మెత్తబడే మందు రాస్తే వారం బాగుందని ఆపేయకండి. ఈ మందులు సాధారణంగా వారాలు, ఒక్కోసారి నెలల తరబడి వాడాల్సి వస్తుంది. నొప్పి లేకుండా చాలాసార్లు వెళ్తే తప్ప వాడి భయం పోదు. ఇంట్లో తమలపాకు కాడకి ఆముదం రాసి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం లాంటివి ఎవరైనా చెబితే దయచేసి వద్దనండి. అసలే ఆ చోటు గురించి భయపడుతున్న పిల్లాడు వాడు.

పాలు ఎన్ని తాగుతున్నాడో మీరు రాయలేదు. ఈ వయసులో రోజుకి 400 నుంచి 500 మిల్లీలీటర్లు చాలు. అన్నం తినడం లేదని సీసాలకు సీసాలు పాలు పట్టే ఇళ్లలో మలబద్ధకం సర్వసాధారణం. పాలు తగ్గితే ఆకలేసి అన్నం తింటాడు. తోటకూర పప్పు, బీరకాయ, బొప్పాయి, మెత్తగా చేసిన జామపండు, మధ్యమధ్యలో నీళ్లు. బిస్కెట్లు తగ్గించండి.

ఇక ‘రెడీ’ అయ్యాడో లేదో ఎలా తెలుస్తుందన్నది. వయసు చూసి చెప్పడం కష్టం. చాలామంది పిల్లల్లో ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య సూచనలు మొదలవుతాయి, కొందరికి మూడేళ్లు నిండుతాయి. బ్రాజెల్టన్ అనే అమెరికన్ పిల్లల వైద్యుడు 1962లో ఈ విషయం మీద ఒక వ్యాసం ప్రచురించారు. తన దగ్గరికి వచ్చిన వెయ్యి మందికి పైగా పిల్లల వివరాలు అందులో ఉన్నాయి. వాళ్లు పగటిపూట పూర్తిగా అలవాటు పడింది సగటున 28 నెలలు దాటాక. మీవాడికి ఇప్పుడు 26. పైగా ఆడపిల్లలు మగపిల్లలకంటే సగటున కొన్ని నెలలు ముందుంటారు. మీ ఆడపడుచు కూతురితో పోలిక ఇక్కడితో వదిలేయండి.

చూడాల్సింది వాడి ఒంటిని. డైపర్ విప్పి చూస్తే రెండు గంటలపాటు పొడిగా ఉంటోందా? మధ్యాహ్నం నిద్ర లేచేసరికి పొడిగా ఉంటోందా? ఉంటే మూత్రాశయం నిలుపుకోవడం నేర్చిందని అర్థం. మీరు అరగంటకోసారి కూర్చోబెట్టడంలో ఉన్న చిక్కు ఇదే. అది నిండే లోపే తీసుకెళ్తున్నారు, నిండితే ఎలా ఉంటుందో వాడికి తెలిసే అవకాశమే రావడం లేదు. ఇంకా, నిక్కరు తనే కిందికి లాక్కోగలడా (బటన్ల జీన్స్‌తో పరీక్ష పెట్టకండి, ఎలాస్టిక్ నిక్కరుతో చూడండి), ‘బంతి తెచ్చి నాన్నకి ఇవ్వు’ లాంటి రెండు పనుల మాట అందుకుంటున్నాడా, తడి అయితే చిరాకు పడుతున్నాడా, మీరు బాత్రూమ్‌కి వెళ్తే వెంటపడి వస్తున్నాడా, మాటతోనో సైగతోనో చెబుతున్నాడా. అన్నీ ఒకే రోజు రావు. వీటిలో చాలావరకు కనిపిస్తే మొదలుపెట్టొచ్చు.

మీవాడిలో ఒక సూచన ఇప్పటికే ఉంది. కర్టెన్ వెనక్కి వెళ్తున్నాడంటే, వచ్చేముందే వాడికి తెలుస్తోంది. తెలియడం, చాటు కావాలనుకోవడం – ఈ రెండూ ఉన్న పిల్లాడిని బద్ధకస్తుడని ఎలా అంటాం?

అత్తగారి మాటకొద్దాం. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆ రోజుల్లో నెలల పిల్లల్ని కాళ్ల మీద కూర్చోబెట్టుకుని ‘ష్‌ష్‌’ అంటూ పోయించేవారు. పాలు తాగిన ఎంతసేపటికి వెళ్తారో, ముఖం ఎలా పెడితే వస్తుందో పెద్దవాళ్లు కనిపెట్టి ఉండేవారు, ఆ చప్పుడుకి పిల్లలు అలవాటు పడేవారు. ఏడాదికల్లా ట్రైనింగ్ పూర్తయింది పెద్దవాళ్లకన్నమాట. పిల్లలు తమంతట తాము చెప్పి, వెళ్లి, నిక్కరు విప్పుకుని కూర్చోవడం అప్పుడు కూడా తర్వాతే వచ్చింది. రోజంతా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే మనిషి, దండెం నిండా లంగోటీలు ఉన్న ఇంట్లో అది చక్కగా సాగింది. డైపర్‌లో తడి తెలియదన్న ఆవిడ మాట కూడా నిజమే. వాదన పెట్టుకోకండి. ఆవిడకి ఆ కనిపెట్టే కన్ను ఇంకా ఉంటుంది, దాన్ని వాడుకోండి.

ఎలాగంటే, కడుపులో ఆహారం పడ్డాక పేగుల్లో కదలిక వస్తుంది. టిఫిన్ తిన్న పదిహేను ఇరవై నిమిషాలకి కూర్చోబెడితే వచ్చే అవకాశం ఎక్కువ. మలం మెత్తబడి, నొప్పి లేకుండా కొన్ని వారాలు గడిచాక, రోజూ ఆ వేళకి నానమ్మ దగ్గర కథ వింటూ ఐదు నిమిషాలు కూర్చునే పని పెట్టండి. వస్తే సరే, రాకపోతే లేచి ఆడుకోవడమే. ‘ఛీ, కంపు’ అనే మాటలు మాత్రం ఎవరూ అనకూడదని ముందే అనుకోండి.

ఆ కుర్చీని ఇప్పటికైతే కంటికి కనబడకుండా దాచేయండి. తర్వాత తెచ్చి హాల్లో ఊరికే ఉంచండి. బొమ్మని కూర్చోబెడతాడో, బట్టలతోనే తను కూర్చుంటాడో వాడిష్టం. మీ ఇంట్లో కమోడ్ మీద పెట్టే సీటు వాడుతుంటే కాళ్ల కింద పీట తప్పనిసరి. కాళ్లు గాలిలో వేలాడితే పడిపోతానన్న భయం ఒకటి, కింద ఊతం లేక ముక్కడానికి బలం రాకపోవడం ఇంకొకటి. మోకాళ్లు నడుముకంటే కాస్త పైకి ఉండాలి. కాళ్ల మీద కూర్చోబెట్టుకునే పాత పద్ధతిలో పిల్లలకి ఈ ఊతం దొరికేది. ఫ్లష్ చప్పుడు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రొద, చల్లటి నీళ్ల స్ప్రే – వీటికి భయపడే పిల్లలు చాలామంది. వాడు బయటికి వచ్చాక ఫ్లష్ చేయండి, కొన్నాళ్లు మగ్గుతో కడగండి.

దెబ్బ గురించి: ‘అమ్మ కొట్టింది కదా, తప్పు, ఇంక కొట్టను’ అని దగ్గరికి తీసుకుని ఒకసారి చెప్పండి. వాడికి అర్థమవుతుంది. మళ్లీ మళ్లీ తలచుకుని మీరు కుమిలిపోవాల్సిన పని లేదు. పోసేసినప్పుడు ‘తడిసిందా, పద మార్చుకుందాం’ అంటే చాలు. వెళ్తే చాక్లెట్ అన్న బేరం కూడా వద్దు, రేపు దాని కోసం వేరే గొడవ.

మీవారికి చెప్పండి, నవ్వి ఊరుకోవడం వల్ల మీ టెన్షన్ తగ్గడం లేదని. మగపిల్లలు నాన్నని చూసి నేర్చుకునేది ఎక్కువ. ఆయన బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు వాడిని వెంట తీసుకెళ్లమనండి. నిలబడి పోయడం ఇప్పుడే అక్కర్లేదు, మొదట రెండూ కూర్చునే నేర్పండి. మళ్లీ మొదలుపెట్టే వారంలో పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు పెట్టుకోకండి.

స్కూల్ విషయంలో నేను కొంచెం కటువుగానే చెబుతాను. 2020 జాతీయ విద్యా విధానం సైతం చదువు తొలి దశని మూడేళ్ల నుంచే లెక్కపెట్టింది. జూన్‌లో చేరకపోతే వాడికి పోయేదేమీ లేదు. వెళ్లి అడగండి: ఆయా ఉందా, వేళకి పిల్లల్ని తీసుకెళ్తారా, తడిస్తే మారుస్తారా, పిల్లలకి సరిపడే టాయిలెట్ ఉందా. రెండు మూడు నిక్కర్లు బ్యాగులో పెట్టి పంపితే సర్దుకునే స్కూళ్లు ఉన్నాయి. తడిపితే అందరిముందూ కేకలేసే చోటైతే ఫీజు కట్టకముందే తెలియడం మంచిదే. మీరు ఉద్యోగం చేస్తూ ఆ గంటల కోసమే ప్లేస్కూల్ అనుకుంటుంటే, డైపర్‌తో తీసుకునే డే కేర్ చూసుకోండి.

రాత్రి డైపర్ జోలికి ఇప్పుడు వెళ్లకండి. నిద్రలో పొడిగా ఉండటం ఒంటికి దానంతటదే రావాలి, నేర్పితే వచ్చేది కాదు. ఐదేళ్లలోపు పక్క తడపడాన్ని డాక్టర్లు జబ్బుగా చూడరు.

డాక్టర్ దగ్గరికి మాత్రం ఈ వారంలోనే వెళ్లండి. వెళ్లేముందు ఎన్ని రోజులకోసారి వెళ్తున్నాడు, ఉండలుగానా లావుగానా, పాలు ఎన్ని, ఇది ఎప్పుడు మొదలైంది అన్నవి కాగితం మీద రాసుకోండి. పుట్టాక మొదటి మలం రెండు రోజులు దాటి వచ్చిందేమో గుర్తు చేసుకుని అదీ చెప్పండి. మలంలో రక్తం, పొట్ట ఉబ్బరం, వాంతులు, బరువు పెరగకపోవడం, ఉచ్చ పోసేటప్పుడు ఏడవడం లేదా చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉండటం – వీటిలో ఏది ఉన్నా ఈ వారం దాకా కూడా ఆగకుండా ఆ రోజే చూపించండి. డైపర్‌కి నీళ్లలాంటి మరక అంటుతుంటే విరేచనాలనుకుని ఆపే మందు వేయకండి. లోపల గట్టిపడినదాని పక్కనుంచి కారేది కూడా అలాగే ఉంటుంది.