నాలుక మీద తిరిగే మచ్చలు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. జీడిపప్పు ఒలిచే పని. నాలుక ఎడమ పక్కన ఎర్రని మచ్చ, చుట్టూ తెల్లని అంచు కనిపించాయి. వారం తిరిగేసరికి అది మాయమై నాలుక కొన దగ్గర ఇంకొకటి వచ్చింది. చింతపండు పులుసు తగిలితే మంట. మా అత్తగారు వేడి చేసిందంటారు, తోటికోడలు క్యాన్సరేమో అంది. నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: మచ్చ చోటు మారిందన్నారు చూడండి, నాకు ధైర్యం కలిగింది అక్కడే. క్యాన్సర్ పుండు ఇలా ఊరేగదు, ఉన్నచోటే పాతుకుంటుంది. జీడి రసం పొక్కించినా అంతే, తగిలినచోటే పుండు.

మీరు రాసినదాన్ని బట్టి ఇది జియోగ్రాఫిక్ టంగ్. దేశపటంలా ఉంటుందని ఆ పేరు. నాలుక పైన నూగులాంటి సన్నని బుడిపెలుంటాయి. అవి కొంతమేర రాలిపోతే అడుగున నున్నని ఎర్రదనం బయటపడుతుంది. కొన్నాళ్లకు అక్కడ మళ్లీ మొలుస్తాయి, మరోచోట రాలతాయి. నూటికి ఒకరి నుంచి ముగ్గురికి ఉంటుంది. అంటుకోదు. సోరియాసిస్ ఉన్నవారిలో కొంచెం ఎక్కువ. అసలు కారణాన్ని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు కాబట్టి, అత్తగారి ‘వేడి’తో నేను తగవు పెట్టుకోను.

మందు అక్కర్లేదు. మంట ఉన్న రోజుల్లో పులుసు, ఆవకాయ, మరీ వేడి టీ మానండి. రక్తహీనతలోనూ నాలుక ఎర్రబడుతుంది కానీ, అప్పుడు సాధారణంగా నాలుకంతా నున్నబడుతుంది.

నాలుగు రోజులకోసారి ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. ఏ మచ్చయినా రెండు వారాలు కదలకుండా ఉన్నా, గట్టిపడినా, రక్తం కారినా ఆ ఫొటోలతో దంతవైద్యుల దగ్గరకు వెళ్లండి.