పేర్లు గుర్తు రావడం లేదు.. నాకూ అమ్మలాగే డిమెన్షియా వస్తుందా?

ప్రశ్న: నా వయసు 58. ఈ మధ్య బాగా తెలిసినవాళ్ల పేర్లు కూడా సమయానికి నోటికి రావడం లేదు. ఏదో తీసుకుందామని గదిలోకి వెళ్తాను, తీరా వెళ్లాక ఎందుకొచ్చానో తెలియదు. కళ్లజోడు రోజూ వెతుక్కోవడమే. మా అమ్మకు 78వ ఏట డిమెన్షియా వచ్చింది. చివరికి మమ్మల్ని కూడా గుర్తుపట్టలేదు. నాకూ అలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పదేళ్లుగా బీపీ ఉంది కానీ ఇబ్బందేమీ అనిపించక మాత్ర అప్పుడప్పుడూ మానేస్తుంటాను. రాత్రి ఐదు గంటలకు మించి నిద్ర పట్టదు. అందుకని పడుకునే ముందు జలుబు మాత్ర వేసుకోవడం అలవాటైంది. టీవీ సౌండ్ ఎక్కువ పెడుతున్నానని ఇంట్లో విసుక్కుంటారు. జ్ఞాపకశక్తికి జింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసే మాత్రలు మంచివని స్నేహితురాలు చెప్పింది. వాడొచ్చా? రోజూ సుడోకు ఆడితే ఉపయోగం ఉంటుందా?
– ఒక పాఠకురాలు

సలహా: ముందుగా మీ భయం సంగతి చూద్దాం. పేరు అప్పటికి తట్టకపోయినా కాసేపటికి గుర్తొస్తోందంటే ఆ జ్ఞాపకం చెరిగిపోలేదు, బయటికి రావడానికి కాస్త ఆలస్యమవుతోందంతే. వయసు పెరిగేకొద్దీ ఇది చాలామందిలో ఉంటుంది. కళ్లజోడు విషయంలో జరిగేది ఇంకొకటి. అది పక్కన పెట్టేటప్పుడు మనసు వేరే పనిమీద ఉంటుంది. మెదడులో నమోదే కాని విషయాన్ని తర్వాత ఎంత తవ్వినా దొరకదు. ఐదు గంటల నిద్రకు టెన్షన్ తోడైతే ఎవరికైనా ధ్యాస కుదరదు.

అనుమానించాల్సిన లక్షణాలు వేరే ఉంటాయి. అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, రోజూ తిరిగే దారిలో తప్పిపోవడం, ఏళ్ల తరబడి అలవాటైన డబ్బు లెక్కలు తారుమారు కావడం, జరిగిన సంఘటనను గుర్తుచేసినా అసలు జరగనే లేదన్నట్టు ఉండటం. వీటిని చాలాసార్లు ఆ మనిషికంటే ముందు ఇంట్లోవాళ్లే పసిగడతారు. కాబట్టి మీవాళ్లను మొహమాటం లేకుండా అడగండి. అలాంటివేమీ లేవని వాళ్లు చెబితే సగం బెంగ తీరుతుంది. ఉన్నాయంటే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవండి.

అమ్మకు వచ్చింది కాబట్టి మీకూ రాసిపెట్టి ఉందనుకోవద్దు. నేరుగా ఒకే జన్యువు ద్వారా సంక్రమించే రకాలు చాలా అరుదు. అవి సాధారణంగా 65 ఏళ్లలోపే బయటపడతాయి. మీ అమ్మగారిలా 70లు దాటాక వచ్చినప్పుడు పిల్లలకు ముప్పు మిగతావారికంటే కొంత ఎక్కువే కానీ, అది మన చేతుల్లో లేని వ్యవహారమేమీ కాదు. లాన్సెట్ అనే వైద్య పత్రిక డిమెన్షియా మీద ఏర్పాటుచేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ కేసుల్లో దాదాపు 45 శాతానికి మార్చుకోగలిగిన 14 కారణాలతో సంబంధం ఉంది. అన్నీ మన అలవాట్లే కావు, వాయు కాలుష్యం లాంటివీ అందులో ఉన్నాయి. అయినా మీరు మాటవరసకు రాసిన రెండు విషయాలు ఆ జాబితాలో ఉన్నాయి: బీపీ, వినికిడి. మతిమరుపు కంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసినవి అవే.

బీపీతో మొదలుపెడదాం. మీరు చేస్తున్న పనుల్లో తక్షణం మార్చుకోవాల్సింది ఇదే. మెదడు బరువు శరీరంలో సుమారు 2 శాతమే అయినా మనం పీల్చే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే కావాలి. ఆ సరఫరా జరిగేది వెంట్రుకంత సన్నటి రక్తనాళాల ద్వారా. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అవి గట్టిపడి, మూసుకుపోయి, మెదడులో అక్కడక్కడా చిన్న చిన్న దెబ్బలు తగులుతాయి. అవి తగిలినప్పుడు నొప్పి ఉండదు, పక్షవాతం లక్షణాలు కనిపించవు, మీకు తెలియను కూడా తెలియదు. ఇబ్బంది అనిపించలేదని మాత్ర మానేయడం అందుకే ప్రమాదం. స్ప్రింట్ మైండ్ అనే పెద్ద అధ్యయనం 2019లో వెలువడింది. 50 ఏళ్లు దాటినవారిలో పై బీపీని 140 లోపు కాకుండా 120 లోపు ఉంచినప్పుడు డిమెన్షియాకు ముందు దశగా భావించే స్వల్ప మతిమరుపు 19 శాతం తక్కువగా కనిపించింది. డిమెన్షియా తగ్గిందని మాత్రం ఆ అధ్యయనం గట్టిగా తేల్చలేకపోయింది. మీ బీపీ ఎంత ఉండాలో డాక్టర్ నిర్ణయిస్తారు. సొంతంగా డోసు పెంచితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో వారం రోజులు ఉదయం, సాయంత్రం బీపీ చూసి రాసుకుని వెళ్లండి.

ఇక ఆ జలుబు మాత్ర. నిద్రమత్తు తెప్పించే పాతతరం అలర్జీ మందులు, అంటే క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ వంటివి, మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. జ్ఞాపకశక్తికి కావలసింది సరిగ్గా ఆ రసాయనమే! మర్నాడు మబ్బుగా, మతిమరుపుగా ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. జలుబుకు నాలుగు రోజులు వాడటం వేరు, నిద్ర కోసం రోజూ మింగడం వేరు. దీన్ని మానేయడం గురించి డాక్టర్‌తో మాట్లాడండి. రాత్రి ఎంత ఆలస్యంగా పడుకున్నా ఉదయం ఒకే వేళకు లేవండి. నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వేరేచోట కూర్చుని, నిద్ర వచ్చినప్పుడే వెళ్లి పడుకోండి. ఫోన్ పక్క గదిలో ఉంచండి. నిద్రలేమికి మాత్రల కంటే ముందు ప్రయత్నించాల్సిన కౌన్సెలింగ్ చికిత్సలు ఉన్నాయి, అవి బాగా పనిచేస్తాయి. గురక గట్టిగా వస్తోందా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నారా అని ఇంట్లోవాళ్లను అడగండి. అవునంటే స్లీప్ అప్నియా పరీక్ష తప్పనిసరి.

టీవీ సౌండ్ గొడవను తేలిగ్గా తీసుకోవద్దు. సరిగ్గా వినపడని పేరు గుర్తుండదు కదా. వినడానికే మెదడు శక్తి ఖర్చయిపోతుంటే గుర్తుపెట్టుకోవడానికి మిగిలేది తక్కువ. పైగా వినిపించనివారు మెల్లగా నలుగురిలోకి వెళ్లడం మానేస్తారు. 2023లో వచ్చిన అచీవ్ అధ్యయనంలో వినికిడి యంత్రాలు అందరికీ ఒకేలా ఉపయోగపడలేదు. ముప్పు ఎక్కువగా ఉన్న వృద్ధుల్లో మాత్రం మూడేళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే వేగం 48 శాతం తగ్గింది. ఒక్క ఆడియోమెట్రీ (వినికిడి) పరీక్షతో మీ సంగతి తెలిసిపోతుంది. చెవిలో గులిమి గడ్డకట్టి ఉంటే, అది తీసేస్తే సరిపోవచ్చు కూడా.

వ్యాయామం ఊసే మీరు ఎత్తలేదు, చేయడం లేదనుకుంటున్నాను. వారానికి 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా నడవండి. వారంలో రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు కూడా ఉండాలి. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏడాదిపాటు క్రమంగా నడిచిన పెద్దవారిలో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. నడవని బృందంలో అది తగ్గింది. అలవాటు లేకపోతే పది నిమిషాలతో మొదలుపెట్టండి. తిండి విషయంలో కొత్తగా చెప్పేదేమీ లేదు: కూరగాయలు, పండ్లు, పప్పులు, గింజలు ఎక్కువ, ఉప్పు తక్కువ.

జింకో అక్కర్లేదు. 75 ఏళ్లు దాటిన 3 వేల మందికి పైగా పెద్దవారి మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. డిమెన్షియాను అది ఆపలేదు. రక్తం పలుచబడే మందులు వాడేవారిలో రక్తస్రావం ముప్పు కూడా ఉండొచ్చు. బి12 మాత్రం వేరు సంగతి. లోపం ఉంటే మతిమరుపు వస్తుంది, భర్తీ చేస్తే చాలామందిలో మెరుగవుతుంది. లోపం లేనివారు మింగినందువల్ల జ్ఞాపకశక్తి పెరగదు. సుడోకు ఇష్టమైతే ఆడండి, కానీ దానివల్ల ముఖ్యంగా మెరుగుపడేది సుడోకు ఆటే. కొత్త భాషో, వాద్యమో, నలుగురితో కలిసి నేర్చుకునే మరేదైనా పనో నా ఓటు వేయించుకుంటుంది.

డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్, బి12 పరీక్షలు, చెవి, కంటి పరీక్షలు చేయించుకోండి. కొన్నాళ్లుగా దేనిమీదా ఆసక్తి లేకుండా దిగులుగా ఉంటే అదీ దాచకుండా చెప్పండి. డిప్రెషన్ కొన్నిసార్లు మతిమరుపు రూపంలోనూ బయటపడుతుంది. షాపులో కొని వేసుకునే మాత్రలతో సహా మీరు వాడే మందులన్నీ వెంట తీసుకెళ్లండి.

ఒక్క విషయంలో అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడటం, మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం జరిగితే అది పక్షవాతం కావచ్చు. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాల తర్వాత మతిమరుపు, మత్తు మొదలైనా అంతే.