దిగబడ్డ బండిని లాగేముందు

అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో వీడియో చూపించింది. చిక్కబళ్ళాపురం వైపు ఏదో చెరువులో దిగబడ్డ కారును నీ థార్‌తో బయటికి లాగావు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అక్క మురిసిపోయింది. నా కంటపడింది మాత్రం ఒక్కటే. నీ బండి ముందు వించ్ ఉంది గదా, తాడు చుట్టుకుని లాగే మోటారు, బిగిసిన దాని తాడుకు అటో కాలు ఇటో కాలు వేసి, నువ్వు రిమోట్ నొక్కుతున్నావు. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెప్తే "సరే మామా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

హోసకోటలో షెడ్డు పెట్టిన కొత్తల్లో, కోలారు పక్క ఒక చెరువులో టెంపో దిగబడిందని పిలిస్తే వెళ్ళాను. జీపు వెనక ట్రైలర్ తగిలించే గుండు ఉంటుంది చూడు, దానికే గొలుసు వేశాను. గట్టిగా ఉందిలే అనుకున్నా. డ్రైవరు జీపును ఒక్కసారి ఉరికించాడు. గుండు మెడ దగ్గర తెగి, టెంపో ముందు అద్దం పగలగొట్టుకుని లోపలికి పోయి, డ్రైవరు సీటు వెనక రేకులో దిగింది. స్టీరింగ్ దగ్గర కూర్చున్న కుర్రాడి చెవికీ దానికీ మధ్య జానెడు. ఆ గొలుసు తగిలించింది నేను. ఆ రోజునుంచి ఇప్పటిదాకా ఆ గుండుకు తాడు కట్టలేదు, ఎవర్నీ కట్టనివ్వలేదు.

నువ్వు కూడా తగిలించే చోటు ముందు చూడు. కారు అడుగున కనబడే ప్రతి కన్నమూ లాగడానికి కాదు. కొన్ని లారీమీద కార్లు తీసుకెళ్ళేటప్పుడు కట్టెయ్యడానికి పెట్టినవి, జోరుగా లాగితే ఊడొస్తాయి. చాలా కార్లకు బంపరులో చిన్న మూత ఉంటుంది, దాని వెనక మరలో బిగించే కొక్కెం స్టెప్నీ దగ్గరి పనిముట్లలో దొరుకుతుంది. కొన్నిటికి అది ఎడమ మర, అంటే ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది, తిరగట్లేదని బలవంతం చెయ్యకు. పూర్తిగా లోపలికి బిగించు. అది కూడా నిదానంగా, తిన్నగా లాగడానికే. కుదుపులు తట్టుకోదు.

ఇక తాడు. లాగుతున్నంతసేపూ ఆ బలమంతా తాడులో కూర్చుని ఉంటుంది. ఎక్కడ ఏది తెగినా అదంతా కొరడా దెబ్బలా వెనక్కొస్తుంది. స్టీలు తాడైతే మరీ ప్రమాదం. సింథటిక్ తాడు తేలిక, దెబ్బ తక్కువ, కానీ రాయి అంచుకు రాసుకుంటే తెగుతుంది. ఏదైనా సరే, బిగించకముందే దాని నడుమ ఒక గోనెసంచి అడ్డంగా వెయ్యి, రెండు కొసల్లోనూ కాస్త ఇసుక ఉండాలి. తాడు తెగితే ఆ బరువు దాన్ని నేలకు పడేస్తుంది. బానెట్ ఎత్తి పెట్టు, ముందు అద్దానికి అడ్డుగా ఉంటుంది. రిమోట్ వైరు పొడుగున్నంత పక్కకు జరుగు, లేదా బండిలో కూర్చుని నొక్కు. చూసేవాళ్ళు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంగా నిలబడాలి. తాడు 20 మీటర్లు బయట ఉంటే వాళ్ళు 30 మీటర్ల అవతల. ఫోన్లు పట్టుకుని దగ్గరికి వచ్చేవాళ్ళను మొహమాటం లేకుండా పంపెయ్యి. వాళ్ళు వెనక్కి పోయేదాకా బటన్ నొక్కకు. సైగలు చేసేది ఒక్కరే.

వించ్‌కన్నా ముందు నీ చేతిలో పార ఉండాలి. లెక్క చెప్తాను విను. చక్రాలు సగం దిగితే లాగడానికి కావలసిన బలం సుమారు బండి బరువంత. మడ్‌గార్డ్ దాకా దిగితే దానికి రెండింతలు. ఒకటిన్నర టన్నుల కారుకు అప్పుడు మూడు టన్నులు కావాలి. నీ వించ్ మీద 9,500 పౌండ్లని రాసుంది, అంటే సుమారు 4,300 కిలోలు. ఆ అంకె తాడు చుట్టుకునే డ్రమ్ము మీద అడుగు వరసకే. పైన ఒక్కో వరస చుట్టుకున్నకొద్దీ పదోవంతో ఇంకాస్తో బలం తగ్గుతుంది. కాబట్టి వీలైనంత తాడు బయటికి తియ్యి. అయినా డ్రమ్ము మీద స్టీలుకు ఐదు చుట్లు, సింథటిక్‌కు పది చుట్లు ఉండనియ్యి. లేకపోతే తాడు డ్రమ్ము మీదనుంచే జారిపోతుంది.

చెరువు ఒండ్రు పట్టుకుంటే వదలదు. ప్రతి చక్రం ముందూ ఏటవాలుగా తవ్వు, బండి కడుపు కింద ఆనిన బురద లాగెయ్యి, గాలి లోపలికి పోనియ్యి. టైర్లలో గాలి 18 పిఎస్ఐకి దించు. తర్వాత లో రేంజిలో, అంటే వేగం తగ్గించి బలం పెంచే ఫోర్‌వీల్ గేరులో వేసి, రెండో గేరులో చక్రం గిర్రున తిరగనివ్వకుండా ప్రయత్నించు. చాలాసార్లు అక్కడితోనే బండి పైకొస్తుంది. అరగంట పార పని నీ వించ్‌ను కాపాడుతుంది. గాలి మళ్ళీ కొట్టుకునేదాకా రోడ్డుమీద నెమ్మదిగా పో.

బలం చాలకపోతే స్నాచ్ బ్లాక్ వాడు. అది బావి గిలకే అనుకో. తాడు గిలక చుట్టూ తిప్పి మళ్ళీ నీ బండికే తెచ్చి కడితే లాగే బలం దాదాపు రెట్టింపు, వేగం సగం. కానీ గిలక కట్టిన చోట రెండు పాయల బరువూ కలిసి పడుతుంది, అది తట్టుకునేదై ఉండాలి.

చెట్టుకు కట్టేటప్పుడు వెడల్పాటి పట్టీ వాడు, చెట్టు మొదలు దగ్గర, నేలకు దగ్గరగా కట్టు. వించ్ కొక్కేన్ని తాడుకే వెనక్కి తగిలించకు. కోలారు, చింతామణి పక్క నీలగిరి తోపులు చాలా ఉన్నాయి. అందులో లావాటిది చూసుకో. కొబ్బరిచెట్టును నమ్మకు, దాని వేళ్ళు లోతుకు పోవు. చెట్టే లేకపోతే మీటరు లోతు గుంట తీసి స్టెప్నీని నిలబెట్టి, దాని మొహం నీవైపు ఉండేలా పాతిపెట్టు. కష్టమే, కానీ పనిచేస్తుంది. పట్టీనీ కొక్కేన్నీ కలిపే ఇనుప కడియం, అదే షాకిల్, దాని పిన్ను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పు, లేకపోతే తర్వాత విప్పలేవు.

ఇంజను ఆన్‌లోనే ఉంచు. వించ్ పూర్తి బరువు మీద ఉన్నప్పుడు నాలుగువందల ఆంపియర్లదాకా పీల్చుకుంటుంది. నిమిషం లాగి, మోటారు చల్లారనివ్వు.

నీళ్ళలో ఆగిన బండి సంగతి వేరు. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు మునిగినప్పుడు ట్రాక్టర్లమీద ఆఫీసులకు పోయారు గదా, అప్పుడు మా షెడ్డుకు వచ్చిన కార్లలో కొన్ని వరదకన్నా తాళం తిప్పినందుకే పాడైనవి. ఇంజనులోకి నీళ్ళు పోయుంటే స్టార్ట్ చెయ్యనివ్వకు, న్యూట్రల్‌లో నిదానంగా లాగు. ఎలక్ట్రిక్ బండైతే లాగే పని కూడా పెట్టుకోకు. తెలిసినవాళ్ళు వచ్చి లారీమీద ఎక్కించుకుపోతారు.

ఈ ఆదివారం పొద్దున ఏడుకల్లా షెడ్డుకు రా. మందపాటి తోలు గ్లౌజులు తెచ్చుకో. నీ తాడు మొత్తం బయటికి తీసి, కడిగి, ఎక్కడైనా పోగులు లేచాయేమో ఇద్దరం చూద్దాం. తర్వాత పక్క పొలంలో, ఎవరూ లేనప్పుడు, నేను నిలబడి చూస్తుండగా ఒకసారి లాగి చూపించు.

మీ మామ